దృశ్యయంత్రములును వికలాంగుల హక్కును

ఒక దేశమందు యంత్రము లెన్ని యున్నవో లెక్కించుట సులభము. ఆ యంత్రము లెవ్వరికి లొంగుచున్నవో, ఎవ్వరిని వాకిటనే నిలిపి పంపుచున్నవో విచారించుట కొంత కష్టము. అయినను పాలకుల న్యాయబుద్ధిని కొలుచుట కీ రెండవ లెక్కయే తగిన కొలత. టెలివిజను పెట్టె, దాని ప్రక్క సెట్‌టాప్ బాక్సు, చేతిలో రిమోటు, జేబులో చలనచిత్రములు చూపు ఫోను, ఇవి నేటి సంసారమున సామాన్యవస్తువు లైనవి. ఇంతటి సామాన్యవస్తువును చూపులేని మనుష్యుడు తనంత తాను నడపుకొనగలడా, వినికిడి లేని మనుష్యుడు దాని వలన పూర్ణప్రయోజనము పొందగలడా యను ప్రశ్నను మన ప్రభుత్వము లింతవరకు యంత్రములు తయారుచేయువారి ముందు గట్టిగా నుంచలేదు. ఈ వారము పాఠకమహాశయుల దృష్టి నీ విషయమువైపు మరల్చ గోరుచున్నాము.

ఈ ప్రస్తావనకు ఇప్పుడు తగిన కారణము లున్నవి. 2024వ సంవత్సరము నవంబరు 8వ తేదీని మన సుప్రీముకోర్టువారు, వికలాంగుల సౌకర్యములను గూర్చిన నియమములు హితబోధలవలె గాక శాసనములవలె నుండవలెనని తీర్పు చెప్పిరి. ఆ సంవత్సరమే జులై మాసమున అమెరికా ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషనువారు టెలివిజనుపై వచ్చు అక్షరపంక్తులను దిద్దుకొను సాధనము ఎట్లుండవలెనో నిర్ణయించుచు నూతనమైన యుత్తరువు గావించిరి. 2025 జూన్ 28వ తేదీ నుండి ఐరోపా సమాఖ్యవారి సౌలభ్యశాసనము అమలునకు వచ్చినది. మూడు ఖండములలో నొకే ప్రశ్న చర్చకు వచ్చియుండగా, మనము కార్యక్రమములను గూర్చి కొంత మాటాడి, వానిని చూపించు యంత్రములను గూర్చి మౌనము వహించుట తగదు.

కష్ట మెక్కడ నున్నదో మొదట స్పష్టముగా జెప్పవలయును. పూర్వపు టెలివిజనుకు రెండు మరలు మాత్రముండెడివి. ఒకటి ధ్వనిని హెచ్చించుటకు, రెండవది ఛానెలు మార్చుటకు. చూపులేనివాడు చేతితో తడవి, మర తిరిగిన చప్పుళ్లు లెక్కించి, తనకు వలసిన చోట నిలుపుకొనగలిగెడివాడు. నేటి పెట్టెలో నీ పనులన్నియు తెరమీద కనబడు పట్టికలలోనికి పోయినవి. ఛానెలు పేరు తెరమీద, కార్యక్రమసమయము తెరమీద, చందా గడువు ముగిసినదను హెచ్చరిక తెరమీద! రిమోటుపై మీటలన్నియు నొకే ఆకారము గలవి. 5 అను అంకెపై నొక చిన్న బొడిపె యున్నచో అదియే భాగ్యము. కనులున్నవారికి ప్రగతి యైనది కనులు లేనివారికి తలుపుగడియ యైనది.

వినికిడి లేనివారి కష్టము వేరు విధము. సంభాషణలను తెర యడుగున అక్షరములలో చూపుటకు క్యాప్షనులని పేరు. కార్యక్రమమున నవి యున్నను, వానిని తెరపైకి దెచ్చుటకు నాలుగైదు పట్టికలు దాటి పోవలసివచ్చును. దొరకినను అక్షరములు సన్నములు. వాని రంగు దృశ్యపు రంగులో గలసిపోవును. పెద్దవి చేసికొందమన్న మీట కానరాదు. ఒకసారి దిద్దుకొన్నది పెట్టె నార్పి వెలిగించినంతనే చెరగిపోవుటయు గలదు. అట్లే అంధుల కొరకు శ్రవ్యవర్ణన మనునది యొకటి యేర్పడినది. సంభాషణల నడుమ నున్న విరామములలో నటుల చేష్టలను, స్థలమును, వేషమును వేరొక కంఠము మాటలతో వివరించును. చిత్రమున కీ వర్ణన చేర్చబడియున్నను దానిని వినిపించు మీట ఎక్కడ నున్నదో అంధునికి తెలియనిచో ఆ శ్రమయంతయు బూడిదలో బోసిన పన్నీరగును. కార్యక్రమము, యంత్రము అను రెండును కలిసినగాని సౌకర్యము పూర్తికాదు.

ఇది వినోదముమాట గదా, ఇంత పట్టింపు ఏల యని కొంద రడుగవచ్చును. తోటివారు నవ్వినప్పుడు తానును నవ్వగలుగుట చిన్న హక్కని మే మనుకొనము. అది యటుండనిండు. టెలివిజను కేవలము వినోదసాధన మను కాలము పోయినది. తూర్పుతీరమున నివసించు మన ప్రజలకు తుపానువార్త ఎట్లు తెలియుచున్నది? 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన యుప్పెనలో సకాలమున హెచ్చరిక అందకపోవుట ఎంతటి ప్రాణనష్టమునకు దారితీసినదో మన జిల్లాలు మరవలేదు. 2014 అక్టోబరు 12న విశాఖపట్టణముపై హుద్‌హుద్ విరుచుకుపడినప్పుడు హెచ్చరికలు ముందుగానే వెలువడెను. అట్టి హెచ్చరికలు తెర యడుగున పరుగెత్తు అక్షరములలో వచ్చును. అంధుడు వానిని చదువలేడు. వార్తలు చదువువారి నోట వచ్చును. బధిరుడు వానిని వినలేడు. ఒకే యింటిలో ఇరువురు నిట్టివా రుండి, తక్కినవారు కూలికి పోయియున్నచో ఆ యింటికి హెచ్చరిక చేరినట్లా, చేరనట్లా?

మరియు 2020వ సంవత్సరమున కరోనా వ్యాధిచే పాఠశాలలు మూతపడినప్పుడు, తెలంగాణమున సెప్టెంబరు 1వ తేదీ నుండి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ఛానెళ్ల ద్వారా పాఠములు చెప్పబడెను. ఆంధ్రప్రదేశమునను దూరదర్శన్ సప్తగిరి ద్వారా పాఠములు ప్రసారమయ్యెను. నాడు టెలివిజను పెట్టెయే పలక, అదియే ఉపాధ్యాయుడు. ఆ పలకను తాకి తెలిసికొనలేని బాలుడును, ఆ యుపాధ్యాయుని మాట వినలేని బాలికయు ఎంత నష్టపోయిరో యే పరీక్షాపత్రమును చెప్పజాలదు.

అమెరికావారు ఈ చిక్కు నెట్లు విప్పుకొనిరో చూచుట యుచితము. వారి సంపదను గాని, వారి వినోదములను గాని మనము అనుకరింపవలెనని మా యుద్దేశము గాదు. ఒక చట్టము నెట్లు వ్రాసిన పని జరుగునో, ఎట్లు వ్రాసిన జరుగదో వారి యనుభవము చక్కగా బోధించుచున్నది. 1980 మార్చి మాసమున నచ్చట క్యాప్షనులతో ప్రసారములు ఆరంభమయ్యెను. కాని వానిని చూచుటకు ప్రత్యేకముగా నొక పెట్టె కొనవలసియుండెను. దాని వెల రెండువందల డాలర్లకు పైబడియుండెను. ఆ పెట్టెను కొనగలవారు కొందరే. కొనువారు కొందరే కావున క్యాప్షనులు చేర్చువారును కొందరే. క్యాప్షనులున్న కార్యక్రమములు తక్కువ కావున పెట్టె కొనుటకు ముందుకు వచ్చువారును తక్కువ. ఈ విషవలయము పది సంవత్సరములు తిరిగెను.

దానిని ఛేదించినది దానధర్మము గాదు, చట్టము. 1990వ సంవత్సరమున అమెరికా కాంగ్రెసువారు టెలివిజను డీకోడరు చట్టమును నిర్మించి, 1993 జులై 1 మొదలు తమ దేశమున విక్రయమునకు వచ్చు 13 అంగుళములును అంతకు మించినదియు నగు ప్రతి టెలివిజనులోను క్యాప్షనులు చూపు శక్తి అంతర్భాగముగా నుండవలెనని శాసించిరి. ప్రత్యేకమైన పెట్టె పోయి, దాని స్థానమున టెలివిజను లోపలనే యొక చిన్న చిప్పు చేరినది. కోట్లకొలది పెట్టెలలో చేర్చబడుటచే దాని ఖర్చు లెక్కకు రానంత స్వల్పమైనది. పిదప 1996లో వచ్చిన చట్టము కార్యక్రమములకు క్యాప్షనులు చేర్చుటను విధియొనర్చెను. యంత్రము ముందు, కార్యక్రమము వెనుక అను నీ క్రమమును మన పాలకులు గమనింపవలెను. మరియు ఈ సౌకర్యమును బధిరులు మాత్రమే యనుభవించుట లేదు. భాష కొత్తగా నేర్చుకొనువారు, ఉపాహారశాలల సందడిలో కూర్చున్నవారు, నిద్రించు బిడ్డప్రక్క ధ్వని తగ్గించుకొన్న తల్లులు నా యక్షరములనే చదువుచున్నారు.

అంధుల విషయమున వారి మార్గ మింత సుగమము గాలేదు. 2000వ సంవత్సరమున కమ్యూనికేషన్స్ కమిషనువారు శ్రవ్యవర్ణనమును నిర్బంధముచేయుచు నియమములు గావించిరి. కాని అట్టి నియమములు చేయుటకు కాంగ్రెసు మీ కధికార మొసగలేదని 2002లో న్యాయస్థానము వానిని కొట్టివేసెను. సదుద్దేశముగల నియమమైనను చట్టబలము లేనిచో నిలువదని దీనివలన స్పష్టమగుచున్నది. 2010 అక్టోబరు 8న అధ్యక్షుడు బరాక్ ఒబామా సంతకము చేసిన ఇరువదియొకటవ శతాబ్ది కమ్యూనికేషన్స్, వీడియో సౌలభ్యచట్టము ఆ లోపమును దీర్చినది. శ్రవ్యవర్ణనము 2012 జులై నుండి మరల విధియైనది. అంతటితో నాగక ఆ చట్టము నేరుగా యంత్రములను బట్టుకొన్నది.

ఆ చట్టము ననుసరించి 2013లో జేయబడిన నియమముల సారాంశ మిది. చిత్రములను గ్రహించి చూపు యంత్రములు క్యాప్షనులను, శ్రవ్యవర్ణనమును అందింపగలిగియుండవలెను. తెరపై వచ్చు అత్యవసర సమాచారము అంధులకు వాగ్రూపమున వినబడవలెను. యంత్రమును వెలిగించుట, ఆర్పుట, ధ్వని మార్చుట, ఛానెలు నెన్నుకొనుట, క్యాప్షనులను దిద్దుకొనుట మొదలగు పదునొకండు ముఖ్యకృత్యములను చూపులేనివాడు స్వయముగా జేసికొనగలుగవలెను. తెరపై నున్న పట్టికలను యంత్రము బిగ్గరగా చదివి వినిపింపవలెను. క్యాప్షనులను ప్రారంభించుటకు నొక మీటగాని, గుర్తుగాని, వానితో సమానమైన సులభమార్గముగాని యుండవలెను. పెద్ద సంస్థలు 2016 డిసెంబరు 20 నాటికిని, చిన్న కేబులు సంస్థలు మరి రెండేండ్లకును ఈ నియమములకు లోబడవలెనని గడువు విధింపబడెను. అంధులు సెట్‌టాప్ బాక్సు కొరకు కోరినచో మాటాడు పరికరమును అదనపు రుసుము లేకుండ నీయవలసియున్నది. 2024 జులై నాటి యుత్తరువు ఇంకొక మెట్టు పైకి బోయినది. క్యాప్షనులను దిద్దుకొను సాధనములు ఒక్కచోట నుండవలెను, సులభముగా కనబడవలెను, దిద్దినంతనే ఫలితము చూచుకొనుటకు వీలుండవలెను, ఒకసారి చేసిన యేర్పాటు నిలిచియుండవలెను అను నాలుగు లక్షణములను ఆ యుత్తరువు నిర్దేశించినది.

ఆ చట్టమందు న్యాయముగా గమనింపదగిన మరియొక యంశము గలదు. తయారీదారునికి సాధ్యమైనంతవరకే యీ భారము అని చట్టము చెప్పుచున్నది. ఖర్చెంత, యంత్రము స్వభావమెట్టిది, సంస్థ వ్యాపార మెట్టిది, వేర్వేరు వెలలలో ఎన్ని రకములు అమ్ముచున్నది అని విచారింతురు. కాని అసాధ్యమని నిరూపించు భారము తయారీదారునిదే. మాకు చేతగాదు అని నోటిమాటగా జెప్పి తప్పించుకొన వీలులేదు. ఐరోపావారి 2019 నాటి శాసనమును స్మార్టు టెలివిజనులను, సెట్‌టాప్ బాక్సులను తన పరిధిలో జేర్చుకొన్నది. వారు ప్రమాణముగా గొన్న ఈ.ఎన్. 301 549 అను గ్రంథములో, చిత్రమును నిలుపుట కెన్ని మెట్లో క్యాప్షనులను, శ్రవ్యవర్ణనమును ప్రారంభించుటకు నన్నియే మెట్లుండవలెనని యున్నది. ఒక్క వాక్యములో నెంత న్యాయము నింపబడినదో చూడుడు!

ఇక మన యింటి సంగతి. మనకు చట్టము లేదని యెవ్వరును జెప్పజాలరు. ఐక్యరాజ్యసమితివారి వికలాంగుల హక్కుల ఒడంబడికను భారతదేశము 2007 అక్టోబరు 1న ధ్రువపరచినది. 2016లో పార్లమెంటు వికలాంగుల హక్కుల చట్టమును నిర్మించినది. 2017 ఏప్రిల్ 19 నుండి అది యమలులో నున్నది. అందు 42వ విభాగము చదివినవారికి హృదయము చల్లనగును. శ్రవ్య, ముద్రిత, ఎలక్ట్రానిక్ మాధ్యమములలోని విషయమంతయు అందరికి నందు రూపమున నుండునట్లును, శ్రవ్యవర్ణనము, సంజ్ఞాభాష, క్యాప్షనులు లభించునట్లును, నిత్యవ్యవహారమునకు వలయు ఎలక్ట్రానిక్ వస్తువులు సర్వజనోపయోగమగు రూపకల్పనతో దొరకునట్లును ప్రభుత్వము చర్యలు గైకొనవలెనని యందున్నది. నిత్యవ్యవహారమునకు వలయు ఎలక్ట్రానిక్ వస్తువులలో టెలివిజను చేరదని యెవ్వ రనగలరు?

కాని యీ విభాగమున నొక లోపము గలదు. అమెరికా చట్టమున వాక్యమునకు కర్త తయారీదారుడు; మన చట్టమున కర్త ప్రభుత్వము. అచ్చట యంత్రము చేయువాడు ఫలానావిధముగా చేయవలెనని యున్నది. ఇచ్చట ప్రభుత్వము తగిన చర్యలు గైకొనవలెనని యున్నది. ప్రభుత్వము గైకొననిచో అడుగువా డెవడు? టెలివిజను కొన్న యంధుడు దుకాణదారుని మీదికి బోయిన, చట్టము నన్ను బేర్కొనలేదని యతడు తప్పించుకొనును. 40వ విభాగము ననుసరించి కేంద్రప్రభుత్వమువారు ప్రమాణములను నియమములుగా జేసినప్పుడే సేవ లందించువారికి, రెండేండ్ల గడువుతో, 46వ విభాగము క్రింద బాధ్యత పుట్టును. కావున బరువంతయు నియమములమీదనే యున్నది.

ఆ నియమములగతి ఏమైనదో పాఠకులు తెలిసికొనవలెను. భారత ప్రమాణసంస్థవారు ఐ.ఎస్. 17802 అను పేర సమాచారయంత్రముల సౌలభ్యమును గూర్చి 2021, 2022 సంవత్సరములలో రెండు భాగములుగా నొక ప్రమాణమును ప్రకటించిరి. 2023 మే మాసమున దానిని 2017 నాటి నియమములలోని 15వ నియమమున జేర్చిరి. అయితే 15వ నియమము ప్రమాణములన్నిటిని మార్గదర్శకములుగానే యుంచినదని, విధిగా నుండవలెనని చట్టము చెప్పినదానికి అది విరుద్ధమని 2024 నవంబరు 8 నాటి తీర్పులో సుప్రీముకోర్టువారు దాని మొదటి యుపనియమమును చెల్లదనిరి. తప్పక పాటింపవలసిన కనీసనియమములను వేరుపరచి మూడు నెలలలో సిద్ధము చేయుడని యాజ్ఞాపించిరి. ఈ తీర్పునకు ఆధారమైన నివేదికను సమర్పించినది మన హైదరాబాదు నల్సార్ విశ్వవిద్యాలయమందలి వికలాంగ అధ్యయన కేంద్రమే యనుట తెలుగువారందరు సంతోషింపదగిన విషయము. తరువాత 2025 ఏప్రిల్ 30న మరియొక తీర్పులో డిజిటల్ సేవలను అందుకొను హక్కు రాజ్యాంగము 21వ అధికరణము నొసగిన జీవనహక్కులో భాగమని న్యాయస్థానము ఉద్ఘాటించినది.

ఇట్లు కొక్కెము విరిగి, దానికి తగిలించిన ప్రమాణము నేల వ్రాలినది. ఇది యొకవిధముగా మంచిదే. బలహీనమైన కొక్కెమునకు బదులు బలమైన మేకు దిగగొట్టుటకు అవకాశ మేర్పడినది. నియమము లే రూపమున వచ్చినను వానిలో భవనములు, రైళ్లు, వెబ్‌సైట్లతోపాటు టెలివిజను పెట్టెయు, సెట్‌టాప్ బాక్సును, రిమోటును పేరుపేరున నుండవలెనని మా గట్టి యభిప్రాయము. కార్యక్రమముల విషయమున సమాచార, ప్రసార మంత్రిత్వశాఖవారు 2019 సెప్టెంబరులో బధిరుల కొరకు టెలివిజను కార్యక్రమముల ప్రమాణములను, 2024 మార్చిలో చలనచిత్రములను గూర్చిన మార్గదర్శకములను వెలువరించిరి. 2025 అక్టోబరులో ఓటీటీ సంస్థలను గూర్చిన ముసాయిదాను ప్రకటించిరి. ఇవి యెన్నదగినవే. కాని నీరు కాలువలో బారినంతమాత్రమున దాహము తీరదు, చేతిలో పాత్ర యుండవలెను. ఆ పాత్ర యంత్రము.

యంత్రములను శాసించుట మా వల్ల గాదని ఢిల్లీవారు చెప్పినచో మేము నమ్మము. ఏలయన వా రింతకుముందే శాసించియున్నారు. 2011 నాటి కేబులు టెలివిజను సవరణచట్టముచే దేశమందలి ప్రతి కేబులు గృహమున సెట్‌టాప్ బాక్సు నిర్బంధము చేయబడెను. 2012లో మహానగరములతో ప్రారంభమై, 2013లో హైదరాబాదు, విశాఖపట్టణములను జేర్చుకొని, 2017 నాటికి పల్లెలవరకు ఆ యుత్తరువు వ్యాపించెను. పెట్టె కొనని యింట ఛానెళ్లు రాకుండపోయెను. కోట్లాది పెట్టె లింటింట ప్రవేశించిన యా మహాసమయమున, ఈ పెట్టె చూపులేనివారికి పలుకవలెను అను నొక్క షరతు చేర్చియున్నచో నే డీ సంపాదకీయము వ్రాయ నక్కరలేకపోయెడిది. మరియు నిర్బంధ నమోదు ఉత్తరువు ప్రకారము భారత ప్రమాణసంస్థవారి నమోదు లేనిదే టెలివిజనును, సెట్‌టాప్ బాక్సును ఈ దేశమున విక్రయింపరాదు. విద్యుదాఘాతమునుండి మనుష్యుని రక్షించుటకై యంత్రమును పరీక్షించువారు, ఆ యంత్రము మనుష్యునికి పనికివచ్చునా యని మరియొక పరీక్ష చేయలేరా?

ఇక ఆక్షేపణలు. ఖర్చు పెరుగునని మొదటి యాక్షేపణ. పట్టికలను చదువు కంఠము సాఫ్ట్‌వేరుచే నేర్పడును. ఒకసారి సిద్ధము చేసినదానిని కోటి పెట్టెలలో నుంచుటకు కొత్తగా అయ్యెడి వ్యయము మిక్కిలి స్వల్పము. స్మార్టు టెలివిజనులలో పెక్కింట నీ కంఠ మిదివరకే యున్నది. అమెరికా శాసనమునకు భయపడి యుంచినవా రున్నారు. అచ్చటి పౌరునికి హక్కుగా దక్కుచున్నది ఇచ్చటి పౌరునికి అనుగ్రహముగా దక్కుచున్నది. అనుగ్రహము తీసివేసిన అడుగుటకు దిక్కులేదు. ఈ భేదము స్వతంత్రదేశమునకు గౌరవము గాదు. తిరుపతి ప్రాంతమునను, హైదరాబాదు చేరువను టెలివిజను పెట్టెలు కూర్పబడుచున్నవి. స్వదేశవస్తువు స్వదేశమందలి ప్రతి పౌరునికి పనికివచ్చినప్పుడే స్వదేశి యను పేరు సార్థకము.

అట్టివారి సంఖ్య యెంత యని రెండవ యాక్షేపణ. 2011 జనాభాలెక్కల ప్రకారము దేశమున వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. అందు చూపునకు సంబంధించిన లోపము గలవారు 50 లక్షలు, వినికిడి లోపము గలవారు 50 లక్షలు. నాటి యుమ్మడి ఆంధ్రప్రదేశమున మొత్తము వికలాంగులు 22 లక్షలకు పైబడియుండిరి. వీరుగాక 60 ఏండ్లు దాటిన వృద్ధులు దేశమున 10 కోట్లకు మించియుండిరి. శుక్లములచే చూపు మందగించినవారును, చెవుడు వచ్చినవారును వారిలో నెందరు! నేడు చిన్న యక్షరములు చదువుచున్న మనమందరము రేపా వరుసలో నిలువవలసినవారమే.

మూడవది భాషకు సంబంధించిన చిక్కు. ఇది నిజమైన చిక్కు. దీనిని తేలికగా త్రోసివేయము. అమెరికావారి తొలికాలపు క్యాప్షనుపద్ధతి రోమను లిపికొరకు నిర్మింపబడినది. తెలుగు గుణింతములు, వత్తులు దానిలో నిమడవు. డిజిటలు ప్రసారములలో అక్షరపంక్తులను బొమ్మలవలె పంపు పద్ధతి యొకటి గలదు. దానిచే తెలుగు చూపవచ్చును గాని బొమ్మ బొమ్మయే. చదువరి దానిని స్పష్టత చెడకుండ పెద్దది చేసికొనజాలడు, అంధులకు చదివి వినిపించు యంత్రమును దానిని చదువజాలదు. కావున అక్షరపంక్తులు యూనికోడు అక్షరములుగానే పంపబడవలెననియు, పెట్టె తెలుగు లిపిని వత్తులతో సరిగా చూపవలెననియు ప్రమాణమున వ్రాయవలెను. అట్లే పలుకు యంత్రము ఇంగ్లీషు మాత్రమే పలికినచో మన పల్లెటూరి యంధునికి మౌనమునకును దానికిని భేదము లేదు. రాజ్యాంగము ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో ప్రాంతమునకు తగిన భాష పలుకుట యంత్రమునకు విధికావలెను. విదేశపు చట్టమును చూచి వ్రాసికొన్న నియమము ఈ యంశము నెన్నటికి జెప్పదు. దీనిని మనమే యడుగవలెను.

కావున మేము కోరున దిది. మొదటిది, 40వ విభాగము క్రింది నియమములలో దృశ్యయంత్రములను పేర్కొని, తయారీదారుని, దిగుమతిదారుని, కేబులు సంస్థను బాధ్యులను చేయవలెను. రెండవది, క్యాప్షనులకు నొకటి, శ్రవ్యవర్ణనమునకు నొకటి, రిమోటుపై చేతికి తెలియు మీట యుండవలెను. ఒకసారి చేసికొన్న యేర్పాటు చెరగకుండవలెను. మూడవది, ఈ సౌకర్యములు ప్రతి పెట్టెలోను నుండవలెను. అడిగినవానికే యిచ్చెదమను పద్ధతి మన దేశమున పనికిరాదు. కేబులువాని నడుగవలెను, అతడు పై సంస్థ నడుగవలెను, పై సంస్థ సరకు లేదనును, అర్జీ పాతబడిపోవును. ఇదివరకే యిండ్లలో నున్న పాత పెట్టెలకు మాత్రము, కోరినవారికి వెల లేకుండ మార్చి యిచ్చు నేర్పాటు గావలెను. నాలుగవది, తుపాను మొదలగు అత్యవసరవార్తలు అక్షరములలోను, మాటలలోను, సంజ్ఞాభాషలోను నేకకాలమున రావలెను. ఐదవది, యంత్రమున నే సౌకర్యములున్నవో, అది యే భాషలు పలుకునో అట్టపెట్టెపై ముద్రింపవలెను. కొనువాడు కొన్నపిమ్మట మోసపోరాదు.

శిక్షను గూర్చియు నొకమాట. 2016 చట్టము 89వ విభాగము ప్రకారము మొదటి యతిక్రమణకు జరిమానా 10 వేల రూపాయలకు మించదు. తరువాతివానికి 50 వేలకు తగ్గక, 5 లక్షలకు మించక యుండును. లక్షల పెట్టెలు విక్రయించు సంస్థ కీ మొత్తము లెక్కలోనిది గాదు. విక్రయానుమతికే సౌలభ్యమును ముడివేసినచో జరిమానా యవసరమే రాదు. ప్రమాణములు నిర్ణయించు సభలలో అంధులు, బధిరులు సభ్యులుగా గూర్చుండవలెను. వారి చేతి కీయని రిమోటును వారి కొరకని పరీక్షించుట వ్యర్థము.

మన రెండు రాష్ట్రప్రభుత్వములును ఢిల్లీవైపు చూచుచు కూర్చుండ నక్కరలేదు. ఆంధ్రప్రదేశమున ఫైబర్‌నెట్ అను ప్రభుత్వసంస్థయే ఇండ్లకు సెట్‌టాప్ బాక్సులు సరఫరా చేసినది. 2017 డిసెంబరు 27న ఆ కార్యక్రమమును రాష్ట్రపతి ప్రారంభించిరి. నాడు-నేడు కార్యక్రమమున పాఠశాలలకు స్మార్టు టెలివిజనులు కొనబడినవి. తెలంగాణమున టీశాట్ ద్వారా పాఠములు చెప్పబడినవి. ప్రభుత్వము కొనుగోలుదారైనప్పుడు కొత్తచట్టముతో బనిలేదు. టెండరులో నొక షరతు చాలును. తెలుగు పలుకని పెట్టెను, మీట లేని రిమోటును మేము కొనము అని రెండు ప్రభుత్వములు ఏకకంఠముతో జెప్పినచో, తయారీదారులు తమ కర్మాగారములలో మార్పు చేసికొనుటకు జాగు చేయరు.

పాఠకులకును గర్తవ్యము గలదు. టెలివిజను కొనబోయినప్పుడు, ఇది తెలుగున పలుకునా, క్యాప్షనుల మీట యెక్కడ నున్నదని దుకాణదారు నడుగుడు. మీ యింట నట్టి యవసర మున్నను లేకున్నను అడుగుడు. పదుగు రడిగిన వస్తువును తెప్పింపని వర్తకుడు లేడు. వికలాంగుల సంఘములు నియమములపై అభిప్రాయములు కోరబడినప్పుడు పేరుపేరున యీ యంశములను వ్రాసి పంపవలెను. పార్లమెంటులోని మన సభ్యులు ఐ.ఎస్. 17802 టెలివిజనులకు, సెట్‌టాప్ బాక్సులకు ఏ తేదీ నుండి విధియగునో సూటిగా ప్రశ్నింపవలెను. సంవత్సరముల తరబడి సానుభూతిని వినివిని మన యంధసోదరులకును, చూచిచూచి మన బధిరసోదరులకును విసుగు పుట్టినది. వారికిప్పుడు గావలసినది నియమమున నొక తేదీ, యంత్రముపై నొక మీట. వానిని సమకూర్చుట ప్రభుత్వమునకు కష్టమైన కార్యము గాదు. సమకూర్చువరకు అడుగుట మానకుండుట మన ధర్మము.